శరత్కాలపు విందు బల్ల: ముందు టేపు, తర్వాతే పూలు

పండుగ విందుకు బల్ల సర్దాలనగానే చాలామంది చూపు నేరుగా పూల మీదికి, కొవ్వొత్తుల మీదికి పోతుంది. తీరా వంటకాలు వచ్చేసరికి వాటిని దించడానికి చోటుండదు. గుమ్మడికాయలు కిటికీలోకి, పూలజాడీ నేల మీదికి పోతాయి. రెండు రోజుల అలంకరణ రెండు నిమిషాల్లో చెదిరిపోతుంది. బల్ల మధ్యలో ఎంత జాగా మిగులుతుందో ముందే కొలుచుకోకపోవడం వల్ల వచ్చే తంటా ఇది.

లెక్క చిన్నదే. బల్ల అంచు నుంచి ప్లేటుకు 2 సెంటీమీటర్లు (బొటనవేలి వెడల్పు), ప్లేటు 27, దానికి పైమూలగా కూర్చునే గ్లాసుకు ఇంకో 8. అంటే ఒక్కో వైపు 37 సెం.మీ., రెండు వైపులా కలిపి 74. మామూలు భోజనాల బల్ల వెడల్పు 90 సెం.మీ. ఉంటుంది కాబట్టి మధ్యలో మిగిలేది 16. జానెడు కూడా లేదు. వెడల్పు 100 ఉంటే 26 మిగులుతుంది, అప్పుడు కాస్త ఊపిరి ఆడుతుంది.

ఈ 16 సెంటీమీటర్లలో అలంకరణ, వంటకాలు రెండూ పట్టవు. ఏది ఉండాలో ముందే తేల్చుకోండి. గిన్నెలన్నీ పక్కన ఇంకో బల్ల మీద పెట్టి అక్కడి నుంచి వడ్డించేట్టయితే మధ్య జాగా అంతా ఆకులకీ పూలకీ ఇవ్వొచ్చు. గిన్నెలు బల్ల మీదే తిరగాలంటే అలంకరణ అరచేతిలో పట్టేంత ముక్కలుగా, రెండు మూడు చోట్ల, మధ్యమధ్య ఖాళీ వదిలి ఉండాలి. పక్కబల్ల పద్ధతే మేలు. చిన్న మడత టేబుల్ అయినా సరిపోతుంది, దాని మీద ఓ గుడ్డ పరిస్తే చాలు.

పొడవు లెక్క కూడా ఇప్పుడే చూసుకోండి. మనిషికి 60 సెం.మీ. కావాలి, 55కి తగ్గితే మోచేతులు తగులుకుంటాయి. 180 సెం.మీ. బల్లకి వైపుకి ముగ్గురు చొప్పున ఆరుగురు, లేదా వైపుకి ఇద్దరు, రెండు కొసల్లో ఒక్కొక్కరు, అప్పుడూ ఆరుగురే. రెండూ కలిపి ఎనిమిది మంది అనుకుంటే మూలల్లో కొస మనిషి ప్లేటూ పక్క మనిషి ప్లేటూ ఒకదాన్నొకటి ఒరుసుకుంటాయి. గుండ్రటి బల్ల అయితే 120 సెం.మీ. వ్యాసానికి ఆరుగురు, 150కి ఏడుగురు. అందరూ కూర్చున్నాక కూడా కుర్చీల వెనక నుంచి మనిషి గిన్నెతో నడవాలంటే బల్ల అంచుకీ గోడకీ మధ్య 110 సెం.మీ. ఉండాలి. అంత లేని వైపున మధ్యలో లేవక్కర్లేని వాళ్లని కూర్చోబెట్టండి.

గుడ్డ

టేబుల్ క్లాత్ కింద ఇంకో మందపాటి గుడ్డ తప్పకుండా వేయండి. పాత ఉన్ని దుప్పటిని బల్ల కొలతకి మడిచి వేసినా పర్వాలేదు. దీనివల్ల గ్లాసులు, గిన్నెలు దించినప్పుడు టకటక చప్పుడు రాదు, పైగుడ్డ జారదు, వేడి గిన్నె పెట్టినా పాలిష్ మీద తెల్లమచ్చ పడే అవకాశం తగ్గుతుంది. ఆ మచ్చ వేడికీ ఆవిరికీ వస్తుంది, మామూలు తుడుపుకి పోదు. కాబట్టి గుడ్డ ఉన్నా గిన్నె కింద కుదురు పెట్టాల్సిందే.

పైగుడ్డ అంచు కిందికి 20 నుంచి 30 సెం.మీ. వేలాడాలి. బల్ల ఎత్తు 75, కుర్చీ సీటు ఎత్తు 45 అనుకుంటే మధ్య తేడా 30. అంతకు మించితే గుడ్డ ఒళ్లో పడుతుంది, లేచేటప్పుడు కాలికి తగిలి లాక్కొస్తుంది. 25 వేలాడాలంటే 180 × 90 బల్లకి 230 × 140 గుడ్డ కావాలి. 120 సెం.మీ. గుండ్రటి బల్లకి 170 వ్యాసం.

ఎంత ఇస్త్రీ చేసినా మడతపెట్టి తెస్తే గీతలు పడతాయి. గుడ్డని కాస్త తడిగా ఉండగానే ఇస్త్రీ చేసి, మడవకుండా అట్టగొట్టానికి చుట్టి ఉంచండి. పరిచాక మిగిలిన ముడతలకి నీళ్లు చిలకరించి చేత్తో లాగితే చాలామటుకు పోతాయి. బల్ల మీదే ఇస్త్రీ పెట్టాలనుకుంటే కింద మందపు గుడ్డ ఉంటేనే, అదీ ఆవిరి లేకుండా.

రంగు విషయంలో ఒక పొరపాటు తరచూ జరుగుతుంది. శరత్కాలం కదా అని గుడ్డ గోధుమరంగు, ప్లేట్లు మట్టిరంగు, ఆకులు ఎండినవి పెడతారు. పగటి వెలుగులో బాగానే ఉంటుంది. రాత్రి పసుపు బల్బుల కింద, కొవ్వొత్తుల వెలుగులో అంతా కలిసి బురదలా కనిపిస్తుంది. వెన్నరంగు గుడ్డ, తెల్ల ప్లేట్లు ఉంచి రంగుల పని ఆకులకీ గుమ్మడికీ వదిలేస్తే దేనికది తెలుస్తుంది. ముదురు రంగు కావాలనిపిస్తే న్యాప్‌కిన్లలో తెచ్చుకోండి, ఇటుకరంగో ఆవపిండి పసుపో.

మధ్యలో పొడవుగా పరిచే రన్నర్ 30 నుంచి 35 సెం.మీ. వెడల్పు ఉంటుంది. పైన చెప్పిన 16 గుర్తుందిగా: 90 సెం.మీ. బల్ల మీద దాని అంచు సరిగ్గా గ్లాసుల అడుగుకి వస్తుంది. గోనెగుడ్డలాంటి మందపు రన్నర్ అయితే గ్లాసు సగం దాని మీద, సగం కింద నిలబడి చెయ్యి తగలగానే ఒరుగుతుంది. సన్నబల్లకి రన్నర్ మానేయండి, లేదా బల్లకి అడ్డంగా, ఎదురెదురు ప్లేట్ల కిందుగా పరవండి. గోనెగుడ్డే కావాలంటే ముందు ఒకసారి ఉతకండి, వాసనా రాలే నూగూ తగ్గుతాయి.

ఆకులు, గుమ్మడి, కంకులు

రాలిన ఆకుని తెచ్చి అలాగే బల్ల మీద వేస్తే తెల్లారేసరికి ముడుచుకుపోతుంది, పొడి రాలుతుంది. ఇంకా మెత్తగా ఉన్నవి, తడి లేనివి ఏరుకోండి. గలగలలాడేవి అప్పటికే ఎండిపోయాయి, నొక్కితే విరుగుతాయి. రెండు వైపులా గుడ్డతో తుడిచి, పురుగుగుడ్లు ఉన్నాయేమో ఈనెల వెంట చూసి, న్యూస్ పేపర్ల మధ్య ఒకదానికొకటి తగలకుండా పేర్చి, పైన బరువు పెట్టండి. రెండో రోజు కాగితం మార్చాలి. మొదటి తడి అంతా దానికే పడుతుంది, మార్చకపోతే బూజు పడుతుంది. వారం లోపు సాపుగా ఆరతాయి.

ఆకు పెళుసుగా కాకుండా తోలులా మెత్తగా ఉండాలంటే గ్లిజరిన్ పద్ధతి ఉంది. ఒక వంతు గ్లిజరిన్‌కి రెండు వంతుల నీళ్లు కలిపి, వెడల్పాటి ట్రేలో ఆకులు మునిగేలా పోసి, తేలకుండా పైన ఇంకో చిన్న ట్రే ఉంచాలి. మూడు నుంచి అయిదు రోజులకి ఆకు వంచితే విరగకుండా వంగుతుంది. అప్పుడు తీసి తుడిచి ఆరబెట్టండి. రంగు ఒక పాలు ముదురుతుంది, లేతాకుపచ్చ ఆకులు గోధుమరంగుకి తిరుగుతాయి. కాబట్టి ముందు రెండు ఆకులతో చూసుకుని మిగతావి వేయండి. ఎక్కువ పీల్చిన ఆకు జిడ్డు కక్కుతుంది, తెల్లగుడ్డ మీద నేరుగా పెట్టకూడదు.

పైన్ కాయల్లో చిన్న పురుగులుంటాయి, జిగురు కారుతుంది. అల్యూమినియం ఫాయిల్ పరిచిన ట్రేలో 90 నుంచి 95 డిగ్రీల సెల్సియస్ దగ్గర అరగంట ఓవెన్‌లో ఉంచితే పురుగులు చస్తాయి, జిగురు కరిగి మెరుపవుతుంది, రెక్కలు విచ్చుకుంటాయి. పక్కనే ఉండి చూసుకోవాలి, ఓవెన్ వెలిగించి బయటికి పోవద్దు. గోధుమ కంకులు అందంగానే ఉంటాయి గానీ గింజలూ నూగూ ప్లేట్లలో రాలతాయి. వాటిని పక్కబల్లకి పంపండి, లేదా కట్టగా కట్టి హెయిర్ స్ప్రే పలుచగా కొట్టి పూర్తిగా ఆరనివ్వండి. హెయిర్ స్ప్రే మండుతుంది కాబట్టి ఆ కట్ట దగ్గర దీపం పెట్టొద్దు. మెరుపుపొడి అద్దిన కాయలు భోజనాల బల్ల మీదికే తేవద్దు. ఎర్రగా నిగనిగలాడే చిన్నచిన్న పళ్ల గుత్తుల్లో విషమున్నవి చాలా ఉన్నాయి. పేరు ఖాయంగా తెలియనివి ప్లేట్ల దగ్గరా పిల్లల చేతికందే చోటా ఉండకూడదు.

ఇక గుమ్మడి. కోయని కాయ తొడిమ విరగకుండా ఉంటే వారాలపాటు నిలుస్తుంది. తొడిమ పట్టుకుని ఎత్తితే అది ఊడుతుంది, కుళ్లు అక్కడి నుంచే మొదలవుతుంది. రెండు చేతులతో అడుగు నుంచి ఎత్తండి. కొనేటప్పుడు అడుగుని బొటనవేలితో నొక్కి చూడండి. మెత్తబడితే అది ఆ వారం దాటదు, కిందికి నీరు కార్చి చెక్కని మరక చేస్తుంది. మంచి కాయ కింద కూడా సాసరో ప్లాస్టిక్ మూతో పెట్టాలి.

కాయని పూలకుండీగా చేయాలంటే 15 సెం.మీ. ఎత్తున, అడుగు చదునుగా, ఊగకుండా నిలబడేది ఎంచుకోండి. లోపల పెట్టబోయే గాజుసీసా మూతి వైపు కాకుండా దాని లావైన చోటు కొలిచి, అంతకంటే ఒక్క సెంటీమీటరు పెద్దదిగా పైన గుండ్రంగా కోయండి. రంధ్రం పెద్దదైతే సీసా కనిపిస్తుంది, పువ్వులు అటూఇటూ పడతాయి. గింజలు, పీచు స్పూనుతో గీకి తీసి, లోపల కాగితపు టవల్‌తో పొడిగా తుడిచి, కోసిన అంచుకి వేజలీన్ రాస్తే త్వరగా వడలదు. నీళ్లు సీసాలోనే పోయాలి. కాయలో నేరుగా పోస్తే గుజ్జు నాని మర్నాటికి వాసన వస్తుంది. వెచ్చటి గదిలో కోసిన కాయ రెండు మూడు రోజులకి మించి నిలవదు, అందుకే విందు రోజు పొద్దున కోయడమే మంచిది. 15 సెం.మీ. కాయ మీద 12 సెం.మీ. పూలు వేస్తే మొత్తం 27 అవుతుంది.

ఆ 27 ఊరికే వచ్చిన అంకె కాదు. మోచెయ్యి బల్ల మీద ఆనించి చేతిని నిలువుగా పెట్టండి, మణికట్టు దాటి ఏదీ లేవకూడదు. అది రమారమి 25 నుంచి 30 సెం.మీ. అంతకు మించితే ఎదుటి మనిషి మొహం కనబడక ఇద్దరూ మెడలు వంచుకుని మాట్లాడుకుంటారు.

పూలలో చామంతికి సాటి లేదు, వారం పైనే నిలుస్తుంది. బంతి రంగు బాగుంటుంది కానీ వాసన ఘాటు, ముక్కుకి దగ్గరగా ఉంటే తిండి వాసన తెలియదు. సంపెంగలకీ లిల్లీలకీ అదే మాట, పైగా లిల్లీ పుప్పొడి గుడ్డకి అంటితే తడిగుడ్డతో రుద్దకూడదు, టేపు అంటించి లాగాలి. కాడలు ఏటవాలుగా రెండు సెంటీమీటర్లు కోసి, నీళ్లలో మునిగే ఆకులన్నీ తుంచేయండి. మాగిన యాపిల్, పియర్ పళ్లు పూల పక్కన రాత్రంతా ఉంచొద్దు. వాటి నుంచి వచ్చే ఇథిలీన్ వాయువుకి కార్నేషన్‌లాంటి పూలు తెల్లారేసరికి ముడుచుకుంటాయి. పళ్లని చివరి గంటలో పెట్టండి.

కొవ్వొత్తులు

మంటకీ మండేదానికీ మధ్య కనీసం 30 సెం.మీ. ఉండాలన్నది నియమం. 16 సెం.మీ. జాగాలో ఎండుటాకులు పరిచి వాటి మధ్య కొవ్వొత్తి నిలబెట్టడమంటే కోరి నిప్పు తెచ్చుకోవడమే. ఆకులుంటే దీపాలు బ్యాటరీవి, నిజమైన దీపాలుంటే వాటి చుట్టూ ఆకుల బదులు గుమ్మడో, గులకరాళ్లో, తాజా పూలో. మంట కంటే అయిదారు సెంటీమీటర్లు ఎత్తుగా ఉండే గాజుచిమ్నీలో పెడితే గాలికి రెపరెపలాడదు, ఎదుటి వైపు చెయ్యి చాపినవాళ్ల చొక్కాచెయ్యీ అంటుకోదు. అయినా ఆకుల దూరం మాత్రం తగ్గించొద్దు.

సువాసన కొవ్వొత్తులు ముందుగదికే. ఒత్తి 6 మి.మీ. కంటే పొడుగుంటే పొగ, మసి. ఒకే వైపు కారుతోందంటే ఫ్యాను గాలో తలుపు గాలో తగులుతోందన్నమాట, కొవ్వొత్తి మార్చినా ప్రయోజనం లేదు, చోటు మార్చండి. టీలైట్ (చిన్న రేకు గిన్నెలో ఉండే కొవ్వొత్తి) నాలుగు గంటలు వెలుగుతుంది, విందుకి అది చాలు.

ఒక్కొక్కరి చోటు

ఇందులో పెద్ద చిక్కు లేదు. ఎడమ ఫోర్కు, కుడి చాకు, దాని పదును ప్లేటు వైపుకి, చాకుకి కుడిపక్కన స్పూను. ముందు వాడేది బయటికి, చివర వాడేది లోపలికి. అన్నిటి అడుగులూ ప్లేటు అడుగు అంచుకి సమంగా. చాకు కొనకి పైన నీళ్ల గ్లాసు. ఫోర్కులకి పైన రొట్టెల చిన్న ప్లేటు. తీపికి కావలసినవి ప్లేటుకి పైన అడ్డంగా, స్పూను పిడి కుడికి, ఫోర్కు పిడి ఎడమకి. వాడనిది ఏదీ పెట్టొద్దు. సూపు లేకుండా సూపు స్పూను పెడితే వచ్చినవాళ్లు సూపు కోసం ఎదురుచూస్తారు.

చోటు ఇరుకైతే ఫోర్కు, చాకు, స్పూను మూడింటినీ న్యాప్‌కిన్ జేబులో పెట్టేయొచ్చు. 48 సెం.మీ. చదరపు నూలు న్యాప్‌కిన్‌కి గంజి పెట్టి ఇస్త్రీ చేసి, సగానికీ మళ్లీ సగానికీ మడిస్తే 24 సెం.మీ. చదరం వస్తుంది. విడిగా ఉన్న నాలుగు అంచుల మూల పైన కుడివైపుకి ఉండేలా పెట్టండి. అన్నిటికంటే పై పొర మూలని కింద ఎడమ మూల దాకా ఏటవాలుగా తెచ్చి, చిన్నచిన్న మడతలుగా వెనక్కి చుట్టుకుంటూ మధ్యకర్ణం (పై ఎడమ మూల నుంచి కింద కుడి మూలకి వెళ్లే ఏటవాలు గీత) దగ్గర రెండు సెంటీమీటర్ల పట్టీలా ఆపండి. రెండో పొర మూలని ఆ పట్టీ కిందికి దూర్చి, దాని పక్కనే ఇంకో పట్టీ కనిపించేట్టు వదలండి. ఇప్పుడు కుడి మూడోవంతునీ ఎడమ మూడోవంతునీ వెనక్కి మడిస్తే 8 సెం.మీ. వెడల్పున నిలువు జేబు తయారు. గంజి లేని మెత్తటి గుడ్డ అయితే పట్టీలు నిలవవు, మడతలన్నీ జారి ఉండలా అవుతుంది. పాలిస్టర్ అసలే మడత పట్టదు, మూతి తుడిస్తే తడీ పీల్చదు.

చల్లటి కాలంలో చల్లటి ప్లేటు మీద వేడి వంటకం నిమిషాల్లో ఆరిపోతుంది. ప్లేట్లని 70 డిగ్రీల ఓవెన్‌లో పది నిమిషాలు వెచ్చబెట్టి వడ్డించే ముందే తేవాలి. అందుకని బల్ల మీద ముందుగా ప్లేట్లు సర్దకుండా, ఆ చోట న్యాప్‌కిన్, పేరు చీటీ ఉంచండి. పేరు చీటీకి రెండు వైపులా పేరు రాయాలి. ఒక వైపు కూర్చునేవాళ్లకి, రెండో వైపు ఎదుటి వాళ్లకి. పేరు మర్చిపోయి మొహమాటపడే బాధ తప్పుతుంది.

ఎడమచేతి వాటం ఉన్నవాళ్లని ఎడమ చెయ్యి బయటికి వచ్చే కొసన, మాటిమాటికీ లేవాల్సినవాళ్లని వంటింటికి దగ్గర కొసన కూర్చోబెట్టండి. వినికిడి తక్కువైన పెద్దవాళ్లకి కొస మంచిది కాదు, మధ్యలో అయితే రెండు వైపుల మాటలూ అందుతాయి.

ఏ రోజు ఏ పని

ముందురోజు సాయంత్రం ఖాళీ గిన్నెలు, పళ్లేలు అన్నీ వాటి చోట్లలో పెట్టండి. ఒక్కో దానిలో ఏ వంటకం వస్తుందో చీటీ రాసి వేసి, దాని గరిటె దానిలోనే ఉంచండి. గరిటెలు తక్కువైనా గిన్నె చిన్నదైనా అప్పుడే బయటపడుతుంది. ఎనిమిది మంది దాటితే ఉప్పు, మిరియాలు, చట్నీలు రెండు కొసల్లో రెండు జతలు. రెండు కిలోలు దాటిన గిన్నె చేతులు మార్చకూడదు, దాన్ని పక్కబల్ల మీదే ఉంచి వడ్డించాలి.

గ్లాసుల్ని వేడినీళ్ల ఆవిరి మీద చూపి నూగు రాలని గుడ్డతో తుడవండి. ఒక చేత్తో కాడ పట్టుకుని ఇంకో చేత్తో గిన్నెభాగాన్ని తిప్పితే కాడ విరుగుతుంది, గిన్నెభాగాన్నే అరచేతిలో పట్టుకోవాలి. స్టీలు ఫోర్కుల మీద నీటి చుక్కల మరకలకి వెనిగర్‌తో తడిపిన గుడ్డ. సర్దాక దుమ్ము పడకుండా పలుచటి దుప్పటి కప్పండి.

విందు రోజు పొద్దున గుమ్మడి కోయడం, పూలు పెట్టడం. గంట ముందు పళ్లు. పావుగంట ముందు నీళ్లు, దీపాలు. సీలింగ్ లైటు తెల్లటిదైతే ఆర్పేసి 2700 కెల్విన్ పసుపు బల్బులు వేయండి, తెల్లటి వెలుగులో నారింజరంగు పాలిపోతుంది. వండినవి బయట రెండు గంటలకి మించి ఉంచకూడదు. మాటల్లో పడి పక్కబల్ల మీద మర్చిపోతారు, ఫోన్‌లో అలారం పెట్టుకోండి.

అందరూ వెళ్లాక గుడ్డ మీద మైనం కనిపిస్తే వేడిగా ఉండగా గోకొద్దు. గట్టిపడనిచ్చి మొద్దుచాకుతో లేపి, మిగిలిన మరకకి పైనా కిందా తెల్లకాగితం పెట్టి ఇస్త్రీ ఆనించండి, మైనం కాగితానికి ఎక్కుతుంది. కాగితం మార్చుతూ మరక అంటడం ఆగేదాకా చేయాలి. రంగు కొవ్వొత్తి అయితే రంగు మాత్రం గుడ్డలో మిగిలిపోతుంది, వచ్చేసారి తెల్లవి కొనండి. గ్లిజరిన్ ఆకులు పారేయొద్దు, కాగితాల మధ్య అట్టపెట్టెలో పెడితే వచ్చే ఏడాదికీ పనికొస్తాయి.